రాకెట్ మోతలో పై గాలుల జాడ

శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు పుట్టే మోతలో మన చెవికందేది కొంతే. సెకనుకు 20 కంపనాలకు లోబడిన ఇన్‌ఫ్రాసౌండ్‌ను గాలి పెద్దగా పీల్చుకోదు. అది పైకి పోయి, వంగి, ఎంతో దూరంలో మళ్లీ నేలకు దిగగలదు. శ్రీహరికోటకు పడమరగా పుంగనూరు, మదనపల్లె సుమారు 180 కిలోమీటర్లు, నైరుతిగా కుప్పం 220 పైచిలుకు. 50 కి.మీ. ఎత్తుకెళ్లి తిరిగొచ్చే ధ్వని సాధారణంగా దిగేది దాదాపు ఈ దూరాల్లోనే. ఈ మూడు ఊళ్లలో సూక్ష్మ పీడనమాపకాలు పెట్టి ప్రతి ప్రయోగాన్నీ వినాలని నేననేది అందుకే. పై గాలులను కొలవడానికి గాదంకిలోని ఎం.ఎస్.టి. రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే గొప్ప సాధనం. అయినా సుమారు 25 నుంచి 60 కి.మీ. మధ్య నుంచి దానికి తిరుగు సంకేతాలు సరిగా రావు. బెలూన్లేమో 30, 35 కి.మీ. దగ్గరే పగిలిపోతాయి. గాదంకిలోని లైడార్ అనే లేజర్ సాధనం ఆ మేరలో ఉష్ణోగ్రత చెబుతుంది, అదీ మబ్బులేని రాత్రుల్లో. గాలి సంగతి మాత్రం అలాగే ఉండిపోతోంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. ధ్వని పైనుంచి కిందికి వంగాలంటే పైన దాని వేగం నేల దగ్గరికంటే ఎక్కువుండాలి. నేల మీద 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు 349 మీటర్లు పోతే, 50 కి.మీ. ఎత్తున సున్నా డిగ్రీలకు అటూఇటూ ఉండే గాలిలో 330 మీటర్లే పోతుంది. మన ఉష్ణమండలంలో ఆ ధ్వని దిగిరాదన్నమాట! కానీ ధ్వని పోయే దిక్కుకే గాలి సెకనుకు 20 మీటర్లకు మించి వీస్తే లోటు పూడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ ఎత్తులో తూర్పుగాలులు బలంగా ఉంటాయి గనక పడమటి ఊళ్లకు మోత చేరే అవకాశముంది. వేడి ఒక్కటే చాలనిచోట, మోత చేరిందంటే గాలి వల్లనే చేరినట్టు. చేరకపోయినా అదీ సమాచారమే. 1921లో జర్మనీలోని ఒప్పావు ఎరువుల ఫ్యాక్టరీ పేలినప్పుడు దగ్గర్లో వినిపించిన శబ్దం మధ్యలో వినబడక, 200 కి.మీ. దాటాక మళ్లీ వినిపించింది. పైన వెచ్చని పొర ఉందన్న ఆలోచనకు అలాంటి నిశ్శబ్ద మండలాలు బలమిచ్చాయి.

రాకెట్ కదిలిపోతుంది, దాన్ని స్థిరమైన మూలంగా ఎలా తీసుకుంటారని అడగవచ్చు. దాని దారి క్షణక్షణం నమోదవుతుంది, లెక్కలో కలుపుకోవచ్చు. నేలగాలి రొద అంతకంటే పెద్ద చిక్కు. పరికరాన్ని టమాటా తోట గట్టున కాక దట్టమైన మామిడితోపులో పెట్టి, దాని నుంచి నలువైపులా రంధ్రాల గొట్టాలు పరిస్తే గాలి విసుర్లు చాలావరకు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. ఏడాదికి ప్రయోగాలు కొన్నే, నిజం. మధ్య రోజుల్లో బంగాళాఖాతం అలలు ఎదురెదురై పుట్టించే, ఇంచుమించు 5 సెకన్ల ఆవర్తనం గల మంద్రధ్వని ఉంటుంది. అంత కచ్చితం కాకపోయినా దాన్నీ వినొచ్చు. ఇక వేర్వేరు దిక్కుల ఊళ్లెందుకంటారా? సుమారు పది నిమిషాలకు మదనపల్లెకు చేరే మోత తూర్పుపడమరల గాలినే చెబుతుంది. వేరే దిశలోని కుప్పానికి చేరే మోత కూడా ఉంటేనే ఉత్తరదక్షిణాల గాలి విడిగా తేలుతుంది.