కొమ్మ కోసే చెయ్యి ఎవరిది?

2023 ఫిబ్రవరి మొదటి రోజుల్లో టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో వాన పడుతూనే గడ్డకట్టింది. ప్రతి ఆకు మీదా, ప్రతి రెమ్మ మీదా మంచు పేరుకుంది. చలికాలంలోనూ ఆకు రాల్చని లైవ్ ఓక్ చెట్లు ఆ బరువు మోయలేకపోయాయి. ఊరంతటా కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద, కార్ల మీద, ఇళ్ళ కప్పుల మీద పడ్డాయి. ఇలాంటి మంచువానో, గాలివానో వెలిసిన మర్నాడు వీధుల్లో పికప్ ట్రక్కులు తిరుగుతాయి. వెనక ఒక నిచ్చెన, ఒక చైన్‌సా ఉంటాయి. తలుపు తట్టి, "మీ చెట్టు పడిపోయేలా ఉంది, ఇవాళే కొట్టించుకుంటే సగం ధర" అంటారు. ఆస్టిన్, డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల సొంత ఇళ్ళలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకూ ఈ పిలుపు కొత్త కాదు.

ఆ మాట విని సరేనంటే ఏమవుతుంది? టెక్సస్‌లో జుట్టు కత్తిరించే వృత్తికి రాష్ట్ర లైసెన్సు కావాలి. చెట్టెక్కి కొమ్మ కొయ్యడానికి అలాంటి లైసెన్సు ఏదీ లేదు. న్యూజెర్సీలో చెట్ల పనివారికి రాష్ట్ర స్థాయి లైసెన్సులున్నాయి, వాటికి ప్రత్యేకంగా ఒక బోర్డూ ఉంది. టెక్సస్‌లో మాత్రం రంపం కొనుక్కున్న ప్రతివాడూ తాను చెట్ల నిపుణుడినని చెప్పుకోవచ్చు. అందుకే అక్కడ ఎంపిక భారమంతా ఇంటివారి మీదే పడుతుంది. సరిగ్గా ఎంచుకోవాలంటే చెట్టుకు దెబ్బ తగిలినప్పుడు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిసి ఉండాలి.

మన చర్మం తెగితే పాత కణాల స్థానంలో కొత్తవి వచ్చి గాయం మానుతుంది. చెట్టుకు ఆ సౌకర్యం లేదు. ఒకసారి దెబ్బతిన్న కలప మళ్ళీ బాగుపడదు. చెట్టు చేయగలిగిందల్లా ఆ భాగం చుట్టూ గోడలు కట్టి, కుళ్ళు ముందుకు రాకుండా ఆపి, దాని మీదుగా కొత్త కలప పెంచుకోవడమే. ఇంట్లో ఒక గది అంటుకుంటే తలుపులన్నీ బిగించి మిగతా ఇంటిని కాపాడుకోవడం లాంటిది ఇది. ఈ సంగతిని విడమరచి చెప్పినవాడు అమెరికా అటవీ శాఖలో పనిచేసిన వృక్షవ్యాధి శాస్త్రవేత్త ఆలెక్స్ షైగో. ఆయన వేల చెట్లను చైన్‌సాతో నిలువునా చీల్చి, కుళ్ళు ఎటు పాకిందో, ఎక్కడ ఆగిందో చూశాడు. 1977లో తన సిద్ధాంతాన్ని ప్రచురించాడు.

ఆయన లెక్కలో గోడలు నాలుగు. నీరు మోసే నిలువు నాళాలను మూసేది మొదటిది. అది అన్నిటికంటే బలహీనం, అందుకే కుళ్ళు పైకీ కిందికీ త్వరగా పాకుతుంది. లోపలి చేవ వైపు పోకుండా రెండోది, పక్కలకు పోకుండా మూడోది అడ్డుపడతాయి. దెబ్బ తగిలిన తర్వాత బెరడు కింది కేంబియం పొర కొత్తగా కట్టేది నాలుగోది, అన్నిటికంటే గట్టిది. తొర్ర పడిన ముసలి చింతచెట్టు పచ్చగా నిలబడి కాయలు కాయడం మన ఊళ్ళలో చూస్తూనే ఉంటాం. అది ఈ నాలుగో గోడ చలవే. ఆ గోడ నిలిచినంత కాలం తొర్ర వెడల్పు దెబ్బ తగిలిన నాటి కాండం వెడల్పును దాటదు. ఒకప్పుడు తొర్రల్లో సిమెంటు నింపేవారు, నీరు పోవడానికి కింద బెజ్జం వేసేవారు. ఆ బెజ్జం చెట్టు కట్టుకున్న గోడనే పగలగొడుతుంది. ఈ రోజుల్లోనూ ఎవరైనా ఆ సలహా ఇస్తే, వారు చదువు ఆపేసి చాలాకాలమైందని అర్థం.

కొమ్మ ఎక్కడ కొయ్యాలో కూడా ఈ గోడలే చెబుతాయి. కొమ్మ కాండంలో కలిసే చోట కొంచెం ఉబ్బెత్తుగా ఒక పట్టీ కనిపిస్తుంది. దాన్ని కాలర్ అంటారు. కుళ్ళును ఆపే శక్తి అక్కడ ఎక్కువ. ఆ పట్టీని వదిలి, దానికి కాస్త బయటగా కొయ్యాలి. కాండంతో సమంగా నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది, చెట్టుకు మాత్రం రక్షణ పోతుంది. మూరెడు మోడు వదిలేస్తే అది ఎండి కుళ్ళుకు దారి ఇస్తుంది. బరువైన కొమ్మనైతే ముందు కాస్త దూరంగా కింది నుంచి ఒక గాటు, తర్వాత ఇంకాస్త బయటగా పై నుంచి కోత, చివరగా కాలర్ పక్కన అసలు కోత వెయ్యాలి. కింది గాటు లేకపోతే కొమ్మ విరుగుతూ కాండం మీది బెరడును చీల్చుకుపోతుంది.

చెట్టు ఎత్తు తగ్గించడానికి నడినెత్తిన కొట్టేసి మోడులా నిలబెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆకులు పోతే ఆహారం తయారుకాదు, దాచుకున్న పిండిపదార్థం ఖర్చయిపోతుంది. కోసిన చోట పుట్టుకొచ్చే చిగుళ్ళు ఏపుగా పెరిగి నిండుగా కనిపిస్తాయి గానీ, అవి పై పొరలకే అతుక్కుని ఉంటాయి. కొన్నేళ్ళకు కింద కుళ్ళు, పైన బరువు పెరిగి తర్వాతి గాలివానకు అవే ముందు విరిగిపడతాయి. భద్రత కోసమని కొట్టించిన చెట్టే ప్రమాదకరంగా మారుతుంది. కాబట్టి "నెత్తి కొట్టేద్దాం" అన్న మనిషిని అక్కడే పంపించెయ్యండి. బతికి ఉండవలసిన చెట్టును బూట్లకు ముళ్ళు కట్టుకుని ఎక్కేవారిని కూడా రానివ్వకండి. ఆ ముళ్ళు దిగిన ప్రతి చోటా ఒక గాయమే.

టెక్సస్‌లో పనివారిని జాగ్రత్తగా ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని ఎంత చెప్పినా తక్కువే. అక్కడి ఓక్ చెట్లను ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర వ్యాధి చంపుతోంది. ఈ శిలీంధ్రం నీటి నాళాలను పనిచేయకుండా చేస్తుంది. రెడ్ ఓక్ జాతి చెట్లు కొద్ది వారాల్లోనే చనిపోతాయి. చచ్చిన రెడ్ ఓక్ బెరడు కింద శిలీంధ్రం చాపలా పెరిగి తియ్యటి వాసన వేస్తుంది. చెట్టు రసం తాగే చిన్న పెంకు పురుగులు అక్కడ వాలి, బీజాలను ఒంటికి అంటించుకుని, కొత్తగా కోసిన కొమ్మ దగ్గరికి ఎగిరి వెళతాయి. టెక్సస్ ఎ అండ్ ఎం అటవీ సేవా సంస్థ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కొయ్యవద్దని చెప్పేది ఇందుకే. 2023 నాటి మంచువాన సరిగ్గా ఆ కాలం మొదట్లోనే వచ్చింది. విరిగి వేలాడే కొమ్మను తీసెయ్యక తప్పదు, ఆగగలిగిన పనిని మాత్రం ఆపాలి.

లైవ్ ఓక్‌లది ఇంకో చిక్కు. అవి గుంపులుగా పెరుగుతాయి, నేల కింద వేళ్ళు కలిసిపోయి ఉంటాయి. ఒక చెట్టులో దిగిన వ్యాధి ఆ వేళ్ళ వెంట ఏడాదికి సగటున 75 అడుగుల మేర పాకుతుంది. ఒకరి పెరట్లో ఏప్రిల్‌లో పడిన ఒక తప్పుడు కోతకు ఆ వీధిలోని చెట్లన్నీ మూల్యం చెల్లించవలసి రావచ్చు. సాధారణంగా కోసిన చోట పెయింటు పూయడం వల్ల కుళ్ళు ఆగదని పరిశోధనలు తేల్చాయి. టెక్సస్ ఓక్‌లకు మాత్రం మినహాయింపు. పురుగు వాలకుండా, ఏ కాలంలో కోసినా వెంటనే పెయింటు వెయ్యాలి. వచ్చిన మనిషిని "ఓక్ ఎప్పుడు కొడతారు? కోశాక ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. ఆ రెండు జవాబుల్లోనే అతని చదువు బయటపడుతుంది.

వ్యాధి సోకే ప్రమాదమున్న విలువైన ఓక్‌కు కాండం మొదట్లో బెజ్జాలు వేసి ప్రొపికొనజోల్ అనే మందు ఎక్కిస్తారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదల మందును సెలైన్ సీసాలతో ఎక్కించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇదీ అలాంటి వైద్యమే. అయితే ప్రతి బెజ్జమూ గాయమే కాబట్టి అవసరం ఉన్న చెట్టుకే, తెలిసినవారే చెయ్యాలి. డబ్బు తీసుకుని మందు ఎక్కించేవారికి రాష్ట్ర వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి.

మరి తెలిసినవారిని ఎలా పోల్చుకోవాలి? ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ అనే సంస్థ పరీక్ష పెట్టి సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ అర్హత ఇస్తుంది. పరీక్షకు కూర్చోవాలంటే మూడేళ్ళ పని అనుభవమో, అందుకు తగిన చదువూ అనుభవమో కావాలి. మూడేళ్ళకోసారి అర్హతను పునరుద్ధరించుకోవాలి, అందుకు కొత్త విషయాలు నేర్చుకుంటూ ఉండాలి. ఈ అర్హత మనిషికి ఇచ్చేది, కంపెనీకి కాదు. ట్రక్కు మీది ముద్ర చూసి ఊరుకోక, ఆ మనిషి పేరూ సంఖ్యా తీసుకుని సంస్థ వెబ్‌సైటులో సరిచూడండి. ఆయన ధర చెప్పి వెళ్ళిపోతారా, కోసే రోజు దగ్గరుంటారా అన్నదీ అడగాలి. టెక్సస్‌లో ఓక్ విల్ట్‌లో ప్రత్యేక అర్హత ఉన్నవారూ దొరుకుతారు.

బీమా దగ్గర మనవాళ్ళు మొహమాటపడతారు. అడగడం అవమానించడమేమో అనుకుంటారు. మంచి కంపెనీ అయితే అడగకముందే చూపిస్తుంది. కావలసినవి రెండు. కొమ్మ మీ కప్పు మీదో, పక్కవారి కారు మీదో పడితే నష్టం భరించేది జనరల్ లయబిలిటీ. పైనుంచి పనివాడు పడితే అతని వైద్యం, జీతం చూసేది వర్కర్స్ కాంపెన్సేషన్. ప్రైవేటు యజమానులు ఈ రెండోది తీసుకోవాలా వద్దా అన్నది టెక్సస్‌లో వారి ఇష్టానికే వదిలేశారు. కాబట్టి అక్కడ "మాకు ఇన్సూరెన్స్ ఉందండీ" అన్న మాట మొదటిదాని గురించే కావచ్చు. రెండోది లేకపోతే, మీ పెరట్లో గాయపడిన మనిషి తరఫు దావా మీ గుమ్మం దాకా రావచ్చు. అన్నిటికంటే ముందు, ఆ మనిషికి ఆసరా ఉండదు. చెట్ల పని అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన వృత్తుల్లో ఒకటి.

పత్రం జిరాక్సు తీసుకుని సరిపెట్టుకోవద్దు. బీమా ఏజెంటు నుంచే సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ నేరుగా మీ పేరున తెప్పించుకోండి. గడువు తేదీ చూడండి. గడ్డి కత్తిరించే పనికి తీసుకున్న పాలసీ చెట్టెక్కే పనికి వర్తించకపోవచ్చు, ఆ సంగతి ఏజెంటును సూటిగా అడగండి.

ఏ కొమ్మలు తీస్తారు, ఎంత మేర తీస్తారు, కలప ఎవరు తీసుకెళతారు, మొద్దును పిండి చేస్తారా అన్నవన్నీ రాతపూర్వకంగా ఉండాలి. కొమ్మల కోతకు అమెరికాలో ఎ-300 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారమే చేస్తామని రాయించుకోండి. పని ముగిశాకే పూర్తి డబ్బు ఇవ్వండి. కరెంటు తీగకు పది అడుగుల లోపు కొమ్మల జోలికి మామూలు పనివారెవరూ వెళ్ళకూడదు. ముందు విద్యుత్ సంస్థకు ఫోన్ చెయ్యాలి.

చెట్టును మొత్తంగా తీసెయ్యాలనుకుంటే ఇంకో గడప దాటాలి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున 19 అంగుళాలు, ఆపైన వ్యాసం ఉన్న చెట్టును తొలగించాలంటే, అది సొంత పెరట్లో ఉన్నా సరే, ఆస్టిన్ నగరపాలక సంస్థ అనుమతి కావాలి. మన తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకడానికి ముందు అనుమతి తీసుకోవాలి. అదేమీ అక్కర్లేదని చెప్పే పనివాడు తప్పు చెబుతున్నట్టే.

గాలివాన వచ్చాక వెతుక్కోవడం మొదలుపెడితే మంచి ఆర్బరిస్టులు దొరకరు, వారికి అప్పటికే చేతినిండా పని ఉంటుంది. జులై నుంచి జనవరి దాకా ఉన్న సమయంలోనే ఇద్దరు ముగ్గుర్ని పిలిచి చెట్టు చూపించండి, ప్రశ్నలు అడగండి, పక్కింటివారినీ కలుపుకోండి. తలుపు తట్టి తొందరపెట్టినవారు సర్టిఫికెట్ సంఖ్య, బీమా పత్రం చూపించలేకపోతే, ధర ఎంత తక్కువైనా ఆ పని ఒప్పుకోవద్దు.