కొండాపూర్ పాటిగడ్డ చుట్టూ 300 మీటర్లు

సంగారెడ్డి చుట్టుపక్కల ప్లాటు కొనబోయేవాళ్లు లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) అయిందా అని అడుగుతారు, చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటి హద్దు) ఎక్కడిదాకానో కనుక్కుంటారు. పురావస్తు శాఖ హద్దు సంగతి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అది చార్మినార్, గోల్కొండ దగ్గరివాళ్ల తిప్పలు అనుకుంటాం. కానీ సంగారెడ్డి దాటి కొండాపూర్ పోతే (ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు, మ్యూజియం ఉన్న మన కొండాపూర్) అక్కడి పాటిగడ్డకూ చార్మినార్‌కూ ఒకటే చట్టం. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వం తవ్విస్తే శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు బయటపడ్డ దిబ్బ అది.

ఆ చట్టం 1958 నాటిది, 2010లో గట్టిపడింది. కేంద్రం రక్షణలో ఉన్న స్థలం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్తగా ఏదీ కట్టకూడదు, ప్రభుత్వం కట్టినా సరే. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అంటే అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. కలిపి 300 మీటర్లు.

వినడానికి చిన్న దూరమే. భూమిగా మార్చి చూద్దాం. ఒక చుక్క చుట్టూ 100 మీటర్ల వృత్తం గీస్తే అందులో సుమారు 7 ఎకరాల 30 గుంటలు పడతాయి. రోడ్లు వదలకుండా కోసినా 200 గజాల ప్లాట్లు 187. అదే 300 మీటర్ల వృత్తమైతే 70 ఎకరాలు. దూరం మూడింతలైతే భూమి తొమ్మిదింతలవుతుంది, చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

పైగా కొలత మొదలయ్యేది కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. ఆ స్థలం నాలుగు వైపులా 100 మీటర్లున్న చదరం అనుకోండి, అంటే రెండున్నర ఎకరాలు. దాని చుట్టూ నిషిద్ధ ప్రాంతం 17 ఎకరాలు దాటుతుంది, నియంత్రిత ప్రాంతం 82 ఎకరాలు. రెండున్నర ఎకరాలను కాపాడటానికి దాదాపు 100 ఎకరాల మీద షరతులన్నమాట. ఊరివాళ్లకు కోపం రావడంలో వింత లేదు.

మరి తాతల నాటి ఇల్లు ఆ 100 మీటర్లలోనే ఉంటే? కూలగొట్టమని ఎవరూ అనరు. 1992 జూన్ 16కు ముందునుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్తగా మరో ఇల్లు లేపడం మాత్రం కుదరదు. నియంత్రిత ప్రాంతంలో కట్టుకోవడానికీ దరఖాస్తు ఇదే దారిలో నడుస్తుంది. సంబంధిత అధికారి 15 రోజుల్లో దాన్ని ఢిల్లీలోని జాతీయ స్మారకాల సంస్థకు పంపాలి, ఆ సంస్థ 2 నెలల్లో సిఫార్సు చేయాలి, అధికారి మరో నెలలో తేల్చాలి. గడువులన్నీ పాటించినా మూడున్నర నెలలు. మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

నియమం తప్పితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. గజం 20 వేలున్న చోట లక్ష అంటే 5 గజాల ధర. జరిమానాకు భయపడి ఆగే బిల్డర్ ఉంటాడనుకోను.

మన ఊళ్లలో పాత గడి, బురుజు, మెట్లబావి ఉన్నాయి కదా, వాటికీ ఈ రక్షణ ఉందా అంటే, వయసొక్కటే చాలదు. వందేళ్లు నిండితే జాబితాలో చేరే అర్హత వస్తుంది, అంతే. కేంద్రం గెజిట్‌లో ప్రకటించి, కట్టడం దగ్గర నోటీసు అంటించి, అభ్యంతరాలకు 2 నెలలిచ్చి, ఆ తర్వాతే రక్షిత కట్టడమని తేల్చుతుంది. దేశం మొత్తంలో అలాంటివి సుమారు 3,700. తెలంగాణలో 8. ఆ ఎనిమిదిలో ఒకటి కొండాపూర్ గడ్డ.

ఎనిమిదింటితో హైదరాబాద్ లాంటి నగరానికి ఏం సరిపోతుంది? అందుకే అక్కడ వేరే దారి తొక్కారు. హుడా (అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) నిబంధనల్లో 13వదాన్ని 1995లో సవరించి, 1998లో 130కి పైగా కట్టడాల జాబితా ప్రకటించారు. దేవిడీలు, బంగళాలు, ఆస్పత్రులు అందులోకి వచ్చాయి. చుట్టూ వృత్తం గీసే పద్ధతి కాదిది. ఆ భవనాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా వారసత్వ కమిటీ ముందుకు రావాల్సి ఉండేది. చార్మినార్‌కూ మట్టిదిబ్బకూ ఒకే 100 మీటర్లు కొలిచే పద్ధతికంటే, నా దృష్టిలో, ఇదే తెలివైనది. కానీ 2015 డిసెంబరులో ఆ నిబంధనను తీసేశారు.

తీసేశాక ఏమవుతుందో ఎర్రమంజిల్ చూపించింది. 1870 నాటి ఆ ప్యాలెస్ ఉన్న చోట కొత్త అసెంబ్లీ కట్టాలని 2019 జూన్‌లో మంత్రివర్గం తీర్మానించింది. జనం కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. భవనం నిలిచింది సరే, ఒక్కో పాత భవనానికి ఒక్కో కేసు వేస్తూ పోగలమా?

ఇంటి యజమాని నష్టం మాటేమిటి? దానికి టీడీఆర్ ఉంది. అంటే ఇక్కడ కట్టుకోలేని హక్కును కాగితంగా ఇస్తారు, వేరేచోట కట్టుకునే బిల్డర్‌కు దాన్ని అమ్ముకోవచ్చు. 2012 భవన నిబంధనల ప్రకారం వారసత్వ భవనాన్ని నిలబెట్టి వాడుకుంటే దాని నిర్మాణ వైశాల్యానికి 100 శాతం ఇస్తారు. 3,000 చదరపు అడుగుల పాత ఇంటికి 3,000 అడుగుల హక్కు. పాత ఇంటిని నోరు మూసుకుని కాపాడమనడం కంటే ఇది నయం. అయితే వారసత్వ కట్టడాల జాబితాలో పేరుండాలి, కాగితం కొనేవాడు దొరకాలి.

2017లో తెలంగాణ సొంతంగా వారసత్వ చట్టం చేసుకుంది. జిల్లాల్లో కలెక్టర్ ఆధ్వర్యంలో కమిటీలుండాలని అందులో ఉంది. కాబట్టి ఊరి గడి గురించి అడగాలనుకుంటే హైదరాబాద్ పోనక్కరలేదు. సర్వే నంబరు, నాలుగు ఫొటోలు, కట్టిన కాలానికి దొరికిన ఆధారం జతచేసి సంగారెడ్డి కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవచ్చు.