నీటికీ ఓ పద్దు

వానలు వెనకపట్టాక హివరే బజార్ గ్రామసభలో తేలేది నీళ్ల లెక్క. ఎంత వాన పడింది, బావుల్లో నీటిమట్టం ఎంతుంది, మనుషులకు, పశువులకు పోను సాగుకు మిగిలేదెంత? ఇవన్నీ తేలాకే రబీలో ఏ పంట వేయాలో నిర్ణయిస్తారు. వాన తక్కువైన ఏడు నీరు ఎక్కువ తాగే పంటల ఊసే ఎత్తరు.

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) జిల్లాలో ఉన్న ఈ ఊరిలో ఏటా కురిసే వాన 400 మిల్లీమీటర్లకు అటూఇటూ. 1972 కరవు దెబ్బకు జనం ముంబై, పుణె బాట పట్టారు. ఉన్నవాళ్లలో చాలామందికి సారా బట్టీలే దిక్కయ్యాయి. 1990లలో సర్పంచ్ పోపట్‌రావ్ పవార్ నాయకత్వంలో ఊరు శ్రమదానానికి దిగింది. కొండవాలుల్లో కందకాలు తవ్వారు. వాగులకు అడ్డుకట్టలు కట్టారు. చెట్లు నరకడం, పశువులను కొండ మీదికి వదిలేయడం మానేశారు.

ఇలాంటి పనులు చాలా ఊళ్లు చేశాయి. హివరే బజార్ మరో అడుగు ముందుకేసింది. ఇంకిన నీటిని తోడుకోవడానికీ కట్టుబాటు పెట్టుకుంది. సాగుకు బోర్లు వేయకూడదు, చెరకు, అరటి జోలికి పోకూడదు. పొలానికి గట్టుంటుంది కానీ భూగర్భ జలానికి ఉండదు. ఒకరి లోతైన బోరు పక్కవాడి బావిని ఎండగడుతుంది.

ఫలితం పాల క్యాన్లలో కనిపించింది. 1990ల నడుమ రోజుకు 150 లీటర్లున్న పాల దిగుబడి తర్వాతి ఏళ్లలో 4,000 లీటర్ల దాకా పెరిగింది. వలస వెళ్లిన కుటుంబాలు కొన్ని తిరిగొచ్చాయి. పవార్‌కు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

దేశం తీరు మాత్రం వేరు. భూగర్భ జలాలను ప్రపంచంలోకెల్లా ఎక్కువగా తోడేది భారతదేశమే. అందులో సుమారు 87 శాతం సేద్యానికే. చట్టాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ 2002లో వాల్టా చట్టం తెచ్చింది. పంజాబ్ 2009లో వరినాట్లకు తేదీ పెడుతూ చట్టం చేసింది. అయినా పంజాబ్‌లో ఏటా ఇంకేదానికన్నా తోడేదే ఎక్కువ. కరెంటు ఉచితమైనచోట మోటారు ఆపాలని ఎవరికీ తోచదు. ప్రతి బోరు దగ్గరా అధికారిని కాపలా పెట్టడం అయ్యే పని కాదు. పొరుగు రైతు కన్ను మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

అయితే హివరే బజార్ చిన్న ఊరు. దాని కొండలు, వాగులు, బావులు చాలావరకు ఒకే గ్రామసభ చేతిలో ఉన్నాయి. పది ఊళ్ల కింద పరుచుకున్న నీటికి పద్దు రాయాలంటే ఆ పది ఊళ్లూ ఒకచోట కూర్చోవాలి. కందకాలు తవ్వడం కన్నా కష్టమైన పని అదే.