అరగంట దూరానికి గంట ఎందుకు?

శంషాబాద్ నుంచి గన్నవరం విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే సుమారు 265 కిలోమీటర్లు. ఏటీఆర్ 72 ప్రొపెల్లర్ విమానం వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. భాగిస్తే అరగంట పైచిలుకు వస్తుంది, టైంటేబుల్‌లో మాత్రం గంట అటూఇటూ కనిపిస్తుంది. భాగహారం తప్పలేదు. ఆ 500 అనేది విమానం పైకెక్కాక అందుకునే వేగం, టైంటేబుల్ లెక్కేమో విమానం నిలిపిన చోటు నుంచి కదలగానే మొదలై, అవతల పూర్తిగా ఆగాకే ముగుస్తుంది. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, వంతు కోసం ఆగడం, గాల్లో పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోవే. పైగా విమానాలు సాధారణంగా గాలికి ఎదురుగానే లేస్తాయి. పడమటి గాలి వీస్తుంటే, తూర్పున ఉన్న గన్నవరం వెళ్లాల్సిన విమానం ముందు పడమటికి లేచి, ఆ తర్వాత చుట్టు తిరగాలి!

మరి గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్ ఎక్కితే చాలా సమయం మిగలదా? మంచి ప్రశ్నే. కానీ రన్‌వే దాకా పోయే సమయం జెట్‌కీ తప్పదు. 10 వేల అడుగుల లోపు ఎత్తులో అదీ సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు దాదాపు 460 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఇంత దగ్గరి దారిలో పూర్తి వేగం అందుకున్న కాసేపటికే దిగాల్సి వస్తుంది. మిగిలేవి కొద్ది నిమిషాలే. ఢిల్లీకైతే జెట్‌దే గెలుపు. గన్నవరానికి మాత్రం తక్కువ ఇంధనం తాగే ప్రొపెల్లర్ విమానమే తెలివైన ఎంపిక.