పిడికిట్లో ఇమిడే పిడి

'మీ హాబీ ఏమిటి?' అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కుట్లు, అల్లికలు, మహా అయితే డాబా మీద మొక్కలు అంటానని అనుకుంటారు కదా! 'కత్తులకు పిడులు చేస్తుంటానండీ' అనగానే ఎదుటివాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. మొన్న ఒక పెళ్లిలో వరసకు వదినయ్యే ఆవిడైతే 'అయితే మా తమ్ముడు కాస్త జాగ్రత్తగా ఉండాలన్నమాట' అని అందరిముందూ నవ్వించేసింది.

నేను ఉండేది విజయవాడలో. చేసేది బ్యాంకు ఉద్యోగం. వడ్రంగం మా వంశంలో ఎవరికీ లేదు. ఈ పిచ్చి నాకు పట్టింది 2019లో, మా అత్తయ్యగారి బొటనవేలి వల్ల.

అత్తయ్యగారిది కత్తిపీట చెయ్యి. గోరుచిక్కుళ్లు చూడకుండా, కబుర్లు చెబుతూ, ఒకే పొడుగున తరిగేవారు. కత్తిపీటలో ఉన్న సుఖం ఏమిటో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అందులో కత్తి కదలదు, కాయే కదులుతుంది. పీటను కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో కాయను అలుగు మీదికి తోస్తాం. పట్టుకోవడానికి పిడి అంటూ ఉండదు, దాని బాధా ఉండదు. మన అమ్మమ్మలు ఇంట్లో కూర తరగడానికి పిడి ఎలా ఉండాలో ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

మోకాళ్లు మొరాయించాక ఆవిడ కింద కూర్చోవడం మానేశారు. కత్తిపీట అటక ఎక్కింది. గట్టు దగ్గర స్టూలు వేసుకుని చాకు పట్టారు. బజారులో దొరికే ప్లాస్టిక్ పిడి చాకు, ఆవిడ బొటనవేలికంటే ఎక్కువ లావు ఉండదు. ఏడాది తిరక్కుండానే చెయ్యి నొప్పి మొదలైంది. సీసా మూత తిప్పలేరు, జాకెట్ హుక్కు పెట్టుకోలేరు.

ఎక్స్‌రే తీయించాం. బొటనవేలి మొదట్లో కీలు అరిగిందన్నారు డాక్టరు. యాభై దాటిన ఆడవాళ్లలో ఇది మామూలేనట. ఆయన చెప్పిన ఒక్క లెక్క మాత్రం నా మనసులో ఉండిపోయింది. బొటనవేలి కొసతో ఒక కిలో బలం పెట్టి దేన్నైనా నొక్కిపడితే, ఆ వేలి మొదట్లో ఉన్న కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుందట! వస్తువు ఎంత సన్నగా ఉంటే దాన్ని అంత గట్టిగా నొక్కిపట్టాలి. లావుగా ఉంటే ఆ భారం అరచెయ్యి అంతా పంచుకుంటుంది.

మేం చేసిందేమిటంటే, 'మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేను చూసుకుంటాను' అనడం. మావారు గుండ్రంగా తిప్పితే ముక్కలయ్యే చాపర్ ఒకటి తెచ్చిపెట్టారు. ప్రేమతోనే చేశాం, కాదనను. కానీ ఆ నెల రోజుల్లో ఆవిడ ఎలా అయిపోయారో చెప్పలేను. టీవీ ముందు కూర్చునేవారు, చూసేవారు కాదు. ఒకరోజు 'ఈ పూట కూర ఏం చేస్తున్నావు?' అని చుట్టాలావిడలా అడిగారు. ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా ఆ మాట చెప్పింది ఆవిడే.

'ఏదో ఒక కర్రముక్క!'

మా పుట్టింటి ఊళ్లో కొలిమి ఇంకా నడుస్తోంది. కమ్మరి బాబాయి దగ్గరికి వెళ్లి మంచి చాకు ఒకటి చేసిపెట్టమన్నాను. ఆటోనగర్ నుంచి తెచ్చుకున్న పాత లారీ కమాను పట్టీ తీశాడు. దాన్ని కాల్చి, సాగగొట్టి, మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాదట. అప్పుడు అది గాజులాంటిది, కింద పడితే పుటుక్కున విరుగుతుంది. మళ్లీ సన్నటి సెగ మీద కాస్త వేడి చూపిస్తేనే మొండితనం తగ్గి, వాదర నిలుస్తుంది.

అలుగు మీద అరపూట పనిచేసిన మనిషి, పిడి దగ్గరికి వచ్చేసరికి 'దానిదేముందమ్మాయ్, ఏదో ఒక కర్రముక్క తొడుక్కుంటే సరి' అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు. మన దగ్గర ఎప్పుడూ పేరంతా అలుగుదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారని చరిత్రలో చదువుకున్నాం. కానీ రోజూ చెయ్యి పట్టుకునేది అలుగుని కాదు కదా! సరే, ఆ కర్రముక్క ఏదో నేనే తొడుగుతానని అలుగును కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

చిన్న రంపం, రెండు ఆకురాళ్లు, గరుకు కాగితం, బల్లకు బిగించే చిన్న వైసు కొన్నాను. బాల్కనీ నా కార్ఖానా. మా పాప నాకు 'కమ్మరమ్మ' అని పేరు పెట్టింది.

మొదటి పిడి చింతకొమ్మతో చేశాను. చెట్టు కొట్టి నెల కూడా కాలేదు, పచ్చి కర్ర. చాకు తోకను కాల్చి కర్రలోకి దించి, లక్క పోసి బిగించాను. (తోకను కాల్చేటప్పుడు అలుగుకు తడిగుడ్డ చుట్టి ఉంచాలి, లేకపోతే కమ్మరి పెట్టిన పదును కాస్తా పోతుంది.) రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నా పిడి పగలడంలో వింతేముంది? నిలువునా రెండు చెక్కలైంది. పిడికి బాగా ఆరిన చేవ కర్రే కావాలని అప్పుడు తెలిసొచ్చింది. రెండోది అప్పడాల కర్రలా గుండ్రంగా చేశాను. చూడటానికి ముచ్చటగానే ఉంది కానీ, దొండకాయ మీద నొక్కేసరికి చేతిలో గిర్రున తిరిగింది. గుండ్రటి పిడి పట్టుకుంటే వాదర ఎటుందో చేతికి తెలియదు.

నానమ్మ చెప్పొద్దంది

మూడోదాని మీద నాకు ఎక్కడలేని గర్వం. జిట్రేగి చెక్క తెప్పించాను. గోధుమపిండి గట్టిగా కలిపి, ఆ ముద్దను అత్తయ్యగారి చేత గట్టిగా పట్టించాను. వేళ్లు ఎక్కడెక్కడ పడ్డాయో అచ్చు పడింది. ఆ అచ్చు ప్రకారం పిడికి నాలుగు వేళ్లకీ నాలుగు పల్లాలు చెక్కాను. వార్నిష్ మూడు పూతలు వేస్తే అద్దంలా మెరిసింది. ఆవిడ చేతికిచ్చి ఫొటో కూడా తీశాను. 'బంగారంలా ఉందమ్మాయ్' అన్నారు.

వారం తర్వాత ఆవిడ ఎడమచేతి చూపుడువేలికి పసుపు కనిపించింది. 'ఏమైందండీ?' అంటే 'ఏం లేదు, సొరకాయ జారింది' అన్నారు. రాత్రి పడుకునేటప్పుడు మా పాప చెవిలో చెప్పింది. 'సొరకాయ కాదమ్మా, నీ చాకే జారింది. చాలా రక్తం వచ్చింది. నీతో చెప్పొద్దంది నానమ్మ.'

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గర్వం నొచ్చుకుంటుందని ఆవిడ వారం రోజులు ఆ చాకుతోనే తరిగారు!

మర్నాడు సెలవు పెట్టి గట్టు పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడకుండా ఆవిడ చెయ్యి చూడటమే పని. అప్పుడు తెలిసింది. ఉల్లిపాయకి ఆవిడ చెయ్యి ముందుకు జరిగి, రెండు వేళ్లు అలుగు మొదట్లోకి వెళతాయి. ములక్కాడకి పిడికిలి బిగుస్తుంది. కొత్తిమీరకి చెయ్యి వెనక్కి పోయి, పిడి చివర పట్టుకుంటుంది. చెయ్యి ఒక్కటే, పట్లు మూడు. నేను చెక్కిన పల్లాలు ఒక్క పట్టుకే సరిపోయాయి. మిగిలిన రెండింటికీ పల్లాల మధ్య గట్లు వాచిన కణుపుల్లో గుచ్చుకుంటున్నాయి. ఇక ఆ వార్నిష్! తడి చెయ్యి తగలగానే సబ్బుబిళ్లే.

పల్లాలన్నీ ఆకురాయితో పాకేశాను. ముచ్చటపడి చెక్కినవి పాకేస్తుంటే ప్రాణం ఉసూరుమంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. అవి పోయేసరికి చెక్క సన్నబడి పనికిరాకుండా పోయింది. అది వేరే సంగతి.

తర్వాతవి చింత చేవతో చేశాను. పిడి అడ్డకోత గుండ్రం కాకుండా కోడిగుడ్డు వాటం. నిలువు 38 మిల్లీమీటర్లు, మందం 27. అంటే చుట్టుకొలత 10 సెంటీమీటర్లు దాటుతుంది. బజారు చాకు పిడి కొలిస్తే 7 ఉంది. అరచేతి గుంటలో నిండుగా ఆనేలా మధ్యలో కొద్దిగా బొజ్జ, జారిపోకుండా చివర చిన్న వంపు. అలుగు మొదట్లో, చూపుడువేలు ఆనే చోట, వీపు అంచు పదునుగా ఉంటుంది చూడండి, దాన్ని కూడా ఆకురాయితో గుండ్రం చేశాను. ఈ ఒక్క పనికి పది నిమిషాలు పట్టదు, కానీ వేలికి కాయ కాయకుండా కాపాడేది ఇదే. కర్ర చివర పగలకుండా రోకలికి వేసినట్టు ఇత్తడి పొన్ను తొడిగాను. వార్నిష్ జోలికి పోలేదు. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, వంటకు వాడే అవిసె నూనె పట్టించి, రెండు మూడు వారాలు ఆరనిచ్చాను. హార్డ్‌వేర్ షాపులో 'బాయిల్డ్' అని అమ్మే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి మందులు కలుపుతారు, వంటింటి వస్తువుకు అది వద్దు. ఇంకో మాట. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి గానీ, విడిగా పరిచి ఆరబెట్టి గానీ పారేయాలి. చెక్క రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు. జిట్రేగి పొడి పడక నాకు చేతులంతా దద్దుర్లు వచ్చాయి కూడా.

ఇదంతా మావల్ల ఎక్కడవుతుంది అంటారా? చెయ్యక్కర్లేదు. కొనేటప్పుడైనా పట్టుకుని చూడండి. వీలైతే చెయ్యి తడిపి మరీ పట్టుకోండి. వేళ్లు అరచేతిలో గుచ్చుకునేంత సన్నటి పిడి వద్దు. పిడి చెక్కకీ ఇనుముకీ మధ్య సందు ఉంటే అందులో మడ్డి చేరుతుంది. ఇంట్లో ఉన్న సన్నపిడి చాకును పారేయలేకపోతే, కడిగిన సైకిల్ ట్యూబు ముక్క రెండు చుట్లు బిగువుగా తొడగండి. అందంగా ఉండదు కానీ, లావూ వస్తుంది, జారదూ. మధ్యమధ్య తీసి కడుక్కోవడం మాత్రం మరిచిపోకూడదు.

ఇప్పటికి పదకొండు పిడులు చేశాను. ఒకటి ఎదురింటి పిన్నిగారికి, ఒకటి ఎడమచేతివాటం ఉన్న మా ఆడపడుచుకి. కోడిగుడ్డు వాటానికి కుడీ ఎడమా తేడా లేదు, అదొక సుఖం. అత్తయ్యగారి నొప్పి పోలేదు. అరిగిన కీలు పిడి మారిస్తే తిరిగి రాదు కదా. కానీ పొద్దున్న కూర మాత్రం ఆవిడే తరుగుతున్నారు. చాపర్ అటక మీద కత్తిపీటకు తోడుగా ఉంది.

పోయిన ఆదివారం పదకొండోది ఆవిడ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పారు, కాకరకాయ ఒకటి తరిగారు, మొహం చిట్లించారు.

'వెనకాల ఈ వంపు ఎక్కువైందమ్మాయ్, చిటికెన వేలికి తగులుతోంది. తీసెయ్.'

'కిందటిసారి బాగుందన్నారుగా అత్తయ్యగారూ?'

'అప్పుడు అన్నాను. ఇప్పుడు తగులుతోంది. వాదనలు పెట్టక కాస్త ఆకురాయి పట్టు, అవతల కూరకి ఆలస్యమవుతోంది.'

ఆకురాయి కోసం బాల్కనీలోకి వెళ్లాను.