జిరాక్స్ మెకానిక్ చెప్పిన కిటుకు

పదో తరగతి మెమో, రేషన్‌కార్డు, కులధ్రువీకరణ పత్రం... వీటిలో ఏదో ఒకటి జిరాక్స్ తీయించని తెలుగువాళ్లు ఉండరు. కంపెనీ పేరే మనకు పని పేరైపోయింది. ఆ కంపెనీలో మిషన్లు బాగుచేసే టెక్నీషియన్లు 1990ల్లో తమ మేనేజర్లకు ఓ పాఠం చెప్పారు. 'పక్క సీటతనికి తెలిసింది నాకెందుకు తెలియడం లేదు?' అని తలపట్టుకునే ప్రతి ఆఫీసుకీ పనికొచ్చే పాఠం.

కోర్టు ఎదుటి జిరాక్స్ షాపులో మిషన్ మొరాయించడం మీరూ చూసే ఉంటారు. కాగితాల కట్ట పట్టుకుని వకీలు గుమాస్తా తొందరపెడుతుంటాడు. షాపతను ట్రే లాగుతాడు, మూస్తాడు, మళ్లీ లాగుతాడు. లాభం లేదని మెకానిక్‌కి ఫోన్ కొడతాడు. అతనొచ్చి, తెరమీది ఎర్రర్ కోడ్‌ని ఓసారి చూస్తాడు కానీ పెద్దగా పట్టించుకోడు. మూత తీసి, మిషన్ ఆన్ చేసి, చప్పుడు వింటాడు. వేలితో రోలర్ తిప్పి చూస్తాడు. అప్పటికీ అంతుపట్టకపోతే జేబులోంచి ఫోన్ తీస్తాడు. 'అన్నా, మొన్న నువ్వు చెప్పావే, అచ్చం అలాంటి కేసే...' అంటూ మొదలుపెడతాడు. ఆ అన్న ఏ ఊళ్లోనో మరో మిషన్ ముందు కూర్చుని ఉంటాడు. రెండు నిమిషాల మాటలు. ఓ స్క్రూ బిగింపు. అంతే... మిషన్ మళ్లీ గరగరమంటూ కాగితాలు వదలడం మొదలుపెడుతుంది.

ఆ రెండు నిమిషాల మాటల్లో ఏముంది? ఈ సంగతి తేల్చడానికే 1980ల్లో ఓ మానవశాస్త్రవేత్త మెకానిక్కుల వెంట తిరిగాడు.

మాన్యువల్‌లో లేని వైద్యం

అతని పేరు జూలియన్ ఓర్. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ సంస్థకు పార్క్ అనే పరిశోధన కేంద్రం ఉండేది. లేజర్ ప్రింటర్‌కు రూపమిచ్చిన శాస్త్రవేత్త పనిచేసిందక్కడే. మానవశాస్త్రవేత్త అనగానే ఏ అడవిలోనో దీవిలోనో గుడిసె వేసుకుని ఉండే మనిషి గుర్తొస్తాడు కదా! ఓర్ మాత్రం జిరాక్స్ టెక్నీషియన్ల కార్లలో ఎక్కాడు. వాళ్లతోపాటు టిఫిన్లు చేశాడు, కాఫీలు తాగాడు, కస్టమర్ల ఆఫీసులకు వెళ్లాడు. అంతకుముందు తనూ టెక్నీషియన్‌గా పనిచేసినవాడే కాబట్టి వాళ్ల భాష అతనికి తెలుసు.

కంపెనీ లెక్క ప్రకారం ఆ పనిలో చిక్కేమీ లేదు. మిషన్ ఓ కోడ్ చూపిస్తుంది. టెక్నీషియన్ మాన్యువల్ తెరుస్తాడు. 'ఈ దీపం వెలుగుతోందా? అవునంటే ఫలానా పేజీకి, కాదంటే ఫలానా పేజీకి' అంటూ అది దారి చూపిస్తుంది. చివరి పేజీలో ఏ భాగం మార్చాలో ఉంటుంది. మార్చి వచ్చేయడమే! అంటే మెకానిక్ సొంతంగా ఆలోచించాల్సిన పనేలేదన్నమాట.

ఓర్ చూసింది వేరు. ఒకరోజు కొత్త మోడల్ మిషన్ ఒకటి చెడిపోయింది. అది చూపించే కోడ్‌కీ అసలు జబ్బుకీ పొంతన లేదు. మాన్యువల్ పట్టుకుని నడిస్తే గోడ తగిలింది. టెక్నీషియన్ తన పైనున్న నిపుణుడిని పిలిపించుకున్నాడు. ఆయనకూ అర్థం కాలేదు. మిషన్‌నే మార్చేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ కస్టమర్ ముందు పరువేం కావాలి? దాంతో ఇద్దరూ మిషన్‌ని కాసేపు నడుపుతూ, కాసేపు ఆపుతూ పాత కేసులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. 'ఓసారి నాకిలా అయింది' అని ఒకరంటే, 'నేను చూసినదాంట్లో అలా కాదు' అని రెండోవారు. అలా దాదాపు 5 గంటలు! అతని కథలోంచి ఓ ముక్క, ఇతని కథలోంచి ఓ ముక్క కలిసి చివరికి అసలు లోపం బయటపడింది. ఆ తర్వాత ఆ 5 గంటల గొడవ కూడా భోజనాల దగ్గర చెప్పుకునే మరో కథయింది. విన్నవాళ్లకు అదే మాన్యువల్.

ఈ అనుభవాలతో ఓర్ రాసిన 'టాకింగ్ అబౌట్ మెషీన్స్' పుస్తకం 1996లో వచ్చింది. అందులో తేలిందేమంటే... మేనేజర్లు ఏ కబుర్లను 'టైమ్ వేస్ట్' అని కట్టడి చేయాలనుకుంటారో, పనిని నడిపించేది ఆ కబుర్లే. (మన దగ్గర క్యాంటీన్ గోడకు 'అనవసర సంభాషణలు వద్దు' అని బోర్డు పెట్టే ఆఫీసర్లు ఈ పుస్తకం ఓసారి చదివితే బాగుండు.)

డబ్బొద్దు... పేరుండాలి

కబుర్లతో ఒక ఇబ్బంది ఉంది. అవి కాఫీ బల్ల దాటి పోవు. పారిస్‌లో ఒకరు కనిపెట్టిన చిట్కా లియోన్‌లో మరొకరికి తెలిసేదెలా?

పార్క్ శాస్త్రవేత్తలు మొదట తమకు తెలిసిన దారే పట్టారు. మిషన్‌లో ఏ లోపమొస్తే ఏం చేయాలో చెప్పే తెలివైన కంప్యూటర్ ప్రోగ్రామ్ తయారుచేశారు. అప్పట్లో వాటిని ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ అనేవారు. ఇప్పటి కృత్రిమ మేధకు తాతలాంటివి. టెక్నీషియన్లు దాన్ని చూసి మెచ్చుకున్నారు కానీ పెద్దగా వాడాలనుకోలేదు. ఎందుకంటే పుస్తకంలో ఉన్నది వాళ్లకు తెలుసు. కావల్సింది పుస్తకంలో లేనిది!

అది ఎక్కడుందో ఫ్రాన్స్‌లో దొరికింది. ఎక్కడంటే... టెక్నీషియన్ల దగ్గరే. ఎవరికివారు సొంతంగా కిటుకులు రాసిపెట్టుకుంటున్నారు. స్నేహితులకు చూపిస్తున్నారు. ఆ రాతల్ని అందరికీ అందేలా చేస్తే చాలు కదా అన్న ఆలోచనే 'యురేకా' పథకం. దానికి వాడిన యంత్రం చూస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఫ్రాన్స్‌లో ఇంటింటా టెలిఫోన్‌కి తగిలించి ఉండే మినిటెల్ అనే చిన్న తెర. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకు రాని రోజుల్లో రైలు టిక్కెట్లూ ఫోన్ నంబర్లూ అందులోనే చూసుకునేవారు. 2012లో దాన్ని మూసేశారు. యురేకా ఆ తెర మీదే నడక నేర్చుకుంది.

పద్ధతి కూడా మామూలుదే. కొత్త కిటుకు కనిపెట్టిన టెక్నీషియన్ దాన్ని నాలుగు ముక్కల్లో రాసి పంపుతాడు. ఆ మిషన్ గురించి బాగా తెలిసిన తోటి నిపుణులు దాన్ని పరీక్షిస్తారు. పనిచేస్తుందని తేలితేనే అందరికీ కనిపిస్తుంది. పక్కన రాసినవారి పేరుంటుంది.

ఈ పేరు దగ్గరే అసలు కథంతా ఉంది. కిటుకుకి ఇంతని బహుమతిగా డబ్బిద్దామని యాజమాన్యం ప్రతిపాదించింది. టెక్నీషియన్లు వద్దన్నారు! డబ్బు పెడితే ఎన్ని రాశామన్న లెక్కే మిగులుతుంది, ఎంత పనికొచ్చాయన్నది పోతుంది అన్నారు. తమ పేరుంటే చాలన్నారు. పేరుంటే రెండు లాభాలు. పనికొస్తే పదిమందిలో గౌరవం. పనికిరాకపోతే అదే పదిమందిలో నగుబాటు. కాబట్టి ఎవరూ చెత్త రాయరు. జీతాల పెంపు కోసం యూనియన్ పెట్టుకునే మనుషులే ఈ ఒక్క విషయంలో డబ్బు కాదన్నారంటే, వాళ్లకు తమ పని గురించి మేనేజర్ల కన్నా బాగా తెలుసనే కదా!

ఫ్రాన్స్ తర్వాత యురేకా కెనడాకూ అమెరికాకూ వెళ్లింది. బ్రెజిల్‌లో జరిగిన సంఘటన ఒకటి అప్పట్లో బాగా ప్రచారమైంది. దాదాపు 40 వేల డాలర్ల ఖరీదుచేసే కలర్ కాపియర్ పదేపదే చెడిపోతుంటే మొత్తం మార్చేయడానికి సిద్ధపడ్డారట. ఆఖరి నిమిషంలో టెక్నీషియన్ యురేకాలో వెతికితే కెనడాలోని మాంట్రియల్ టెక్నీషియన్ రాసిన చిట్కా కనిపించింది. డాలరు కూడా చేయని చిన్న భాగం మార్చాడు. మిషన్ బతికింది! యురేకా వల్ల కంపెనీకి మిగిలింది 10 కోట్ల డాలర్లని 2000లో వచ్చిన అంచనా.

పాయింట్ల పంట

డబ్బు పెడితే ఏమవుతుందో ఫ్రెంచి టెక్నీషియన్లు ఊహించి చెప్పారు. బెంగళూరులో అది కళ్లకు కట్టింది.

ఇన్ఫోసిస్‌లో 'ఒకసారి నేర్చుకో... ఎక్కడైనా వాడుకో' అన్నది జ్ఞానం పంచుకోవడం మీద పెట్టుకున్న నినాదం. ఒక ప్రాజెక్టులో నేర్చుకున్నది మరో ప్రాజెక్టువాళ్లకు అందేలా కంపెనీ లోపలే 'కె-షాప్' అనే పోర్టల్ పెట్టారు. మొదట్లో రాసేవాళ్లు తక్కువ. ఎవరి డెడ్‌లైన్లు వారివి మరి. దాంతో 2001లో పాయింట్ల పథకం తెచ్చారు. వ్యాసం రాస్తే పాయింట్లు, ఇతరులది పరిశీలిస్తే పాయింట్లు. కూడబెట్టి బహుమతులుగా మార్చుకోవచ్చు.

ఇక చూడండి... పోర్టల్‌కి వరద! పనికొచ్చేవాటితోపాటు తాలూ తప్పా వచ్చిపడ్డాయి. పరిశీలించేవాళ్లకు ఊపిరాడలేదు. కావల్సినదాన్ని వెతుక్కోవడమే ఓ పనైంది. రాసినవాటికి ఇచ్చే రేటింగుల మీద అనుమానాలొచ్చాయి. 2002లో కంపెనీ పథకాన్ని సవరించింది. డబ్బు విలువ తగ్గించి, తోటివారి గుర్తింపుకీ చదివినవారికి నిజంగా పనికొచ్చిందా లేదా అన్నదానికీ విలువ పెంచింది. రఘు గరుడ్, అరుణ్ కుమారస్వామి అనే ఇద్దరు పరిశోధకులు ఈ కథంతా 2005లో ఓ పత్రంలో రాశారు. తప్పు తెలుసుకుని దిద్దుకున్న కంపెనీని తప్పుపట్టాల్సిన పనిలేదు. దిద్దుకోనివాళ్లే ఎక్కువ.

ఇప్పుడు ప్రతి ఉద్యోగి చేతిలోనూ మినిటెల్‌కి వెయ్యిరెట్లు బలమైన ఫోనుంది. లైన్‌మెన్లకు, టీచర్లకు, ఆర్టీసీ మెకానిక్కులకు వాట్సప్ గ్రూపులున్నాయి. పాడైన భాగాన్ని ఫొటో తీసి పెడితే పది నిమిషాల్లో జవాబొస్తుంది. మంచిదే. కానీ మూడునెలల కిందట ఎవరో చెప్పిన కిటుకు కావాలంటే? శుభోదయాల గులాబీలు, పుట్టినరోజు కేకుల మధ్య తవ్వుకోవాలి. దొరికినా అది సరైందని ఎవరు పరీక్షించారు? 'ఫార్వర్డెడ్' అని ఉంటుంది, అంతే.

పిల్లి దాచుకున్న విద్య

పిల్లి పులికి అన్ని విద్యలూ నేర్పి, చెట్టెక్కడం మాత్రం దాచుకుందని చిన్నప్పుడు విన్నాం కదా. ఆ కథలో పిల్లి తెలివైందనే మనకు చెప్పారు. ఉద్యోగంలోనూ చాలామంది పిల్లిదారే పడతారు. అన్నీ చెప్పేస్తే రేపు నా అవసరమేముంటుంది? ఈ భయాన్ని స్వార్థమని కొట్టిపారేయలేం. తన కింద పనిచేసే కుర్రాడికి పని నేర్పాక, తక్కువ జీతానికి వస్తాడని ఆ కుర్రాడినే ఉంచుకుని తనను పంపించేసిన అనుభవం ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

కృత్రిమ మేధ వచ్చాక ఈ భయానికి కొత్త కారణం దొరికింది. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ పరిశోధకులు 2023లో ఓ అధ్యయనం ప్రకటించారు. కస్టమర్ల సందేహాలు తీర్చే ఉద్యోగులు 5 వేల మందికి పైగా ఉన్న కంపెనీ అది. చాలామంది ఫిలిప్పీన్స్‌వాళ్లు. పాత సంభాషణల నుంచి, ముఖ్యంగా బాగా పనిచేసేవాళ్ల మాటల నుంచి నేర్చుకున్న ఏఐ... మిగతా ఉద్యోగులకు ఎప్పటికప్పుడు 'ఇలా చెప్పి చూడండి' అంటూ సాయపడుతుంది. గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లలో అయితే 34 శాతం! రెండునెలల అనుభవమున్నవారు ఏఐ సాయంతో ఆరునెలలవాళ్లలా పనిచేశారు. మరి ఎవరి మాటలు విని ఏఐ అంత నేర్చుకుందో ఆ సీనియర్ల సంగతి? వాళ్ల పని పెద్దగా మెరుగుపడలేదు. తాము నేర్పినదానికి విడిగా ప్రతిఫలమూ లేదన్న సంగతిని పరిశోధకులే ప్రస్తావించారు.

యురేకాలో కిటుకు పక్కన పేరుండేది. ఇక్కడ పేరు లేదు. ఎవరి కిటుకో వాడుకునేవాడికీ తెలియదు. అసలు తన విద్య బయటికి వెళ్లిందని ఇచ్చినవాడికే తెలియకపోవచ్చు. పిల్లి చెట్టెక్కుతుంటే కెమెరా పెట్టి చూసినట్టన్నమాట. ఇప్పుడు ఇలాంటి ఏఐలను తెచ్చుకుంటున్న కంపెనీలు ఫ్రెంచి టెక్నీషియన్ల మాట ఇంకోసారి వినాలి. రాతలోంచి మనిషి పేరు తీసేస్తే, మంచి పనివాడు వచ్చేసారి ఆ మాట మైకు లేనిచోట చెబుతాడు. లేదంటే చెప్పడమే మానేస్తాడు.

మన ప్రభుత్వ ఆఫీసుల్లోకి ఇంకా ఆ బెడద అంతగా రాలేదు. ఇ-ఆఫీసు వచ్చాక ఫైలు ఎవరి దగ్గరుందో కంప్యూటర్ చెబుతోంది. కానీ ఆ ఫైలు మీద అప్పట్లో అలా ఎందుకు రాయాల్సివచ్చిందో, ఏ ఊరి సర్వే నంబర్లలో ఏ తిరకాసుందో నోట్‌ఫైల్లో ఉండదు. అది సూపరింటెండెంట్ గారి బుర్రలో ఉంటుంది. నెలాఖరున ఆయన రిటైరవుతారు. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, ఓ దేవుడి పటమిస్తారు. 'మీరు లేని ఆఫీసుని ఊహించుకోలేం సార్' అని ఒకరిద్దరు కళ్లు తుడుచుకుంటారు. ముప్ఫయ్యేళ్లలో మీకు తెలిసిందేమిటో రాసిపెట్టండి, మీ పేరుతోనే ఉంచుతాం అని ఎవరూ అడగరు.

సోమవారం పదిన్నరకి ఆయన పేపరు చదువుకుంటుంటే ఫోన్ మోగుతుంది.

'సార్, చిన్న డౌటు...'

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, 'కిటికీ పక్క బీరువా. కింది అరలో ఎర్ర అట్ట రిజిస్టరుంటుంది, అది తియ్యి' అంటారు. ఏ ఫైలు గురించో అవతలివాళ్లు ఇంకా చెప్పనేలేదు.