జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు

ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. బార్కర్ కంపెనీ బాడీ కట్టిన ఆ 1912 నాటి బండికి ఇప్పుడు రోడ్డెక్కే పని లేదు. పాతబస్తీ ఇళ్లలో మిగిలిన అంబాసిడర్లు, ఫియట్లు, జీపులకు ఆ భాగ్యం లేదు. అవి తిరుగుతాయి, పంక్చరవుతాయి. లాల్ దర్వాజాలో మా ఇంటి ముందున్న 1968 అంబాసిడర్ కూడా అంతే. దాని టైరు మార్చడం మా అబ్బాయికి నేర్పిన వరసలోనే ఇక్కడ చెబుతాను.

ముందు చోటు చూడాలి. వాలు గల్లీలో బండి ఎత్తకండి. షాబాదు బండల మీదైతే జాకీ కింద మందపాటి చెక్క పలక వేయండి. టన్నుకు పైగా బరువున్న బండిలో ఒక మూల భారమంతా అరచేతంత చోట పడితే బండ పగులుతుంది.

తర్వాత చక్రాలకు అడ్డం. హ్యాండ్‌బ్రేక్ వేశాం, గేర్లో పెట్టాం, చాలదా అంటారు. చాలదు. పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాలను పట్టదు, ప్రొపెల్లర్ షాఫ్టును పడుతుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ వల్ల అది ఒకవైపు, నేల మీదిది మరోవైపు తిరగగలవు. షాఫ్టు కదలకుండానే బండి జారిపోతుంది. గేరును నమ్ముకున్నా ఇదే ప్రమాదం. అంబాసిడర్ హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది గానీ, పాత కేబుల్ సాగిపోయి ఉండొచ్చు. అందుకే నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి.

చక్రం నేల మీద ఉండగానే పానాతో నట్లు కాస్త వదులు చేయండి. పాత డాడ్జి, ప్లిమత్ కార్లలో ఎడమవైపు నట్లకు ఎదురు మరలు ఉంటాయి. బలం పెట్టేముందు బోల్టు మీద ‘ఎల్’ అక్షరం ఉందేమో చూడండి.

జాకీ ఎక్కడ పెట్టాలి? తలుపుల కింది అంచు పైకి గట్టిగా కనిపించినా లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. అంబాసిడర్ వెనక భాగాన్ని కమాన్ పట్టీల పక్కన, యాక్సిల్ గొట్టం కింద ఎత్తడం మేలు.

‘‘జాకీ బాగానే పట్టిందిగా నాన్నా, స్టాండు ఎందుకు?’’ అన్నాడు మావాడు. బండి ఒక పక్కే లేచేటప్పుడు నిటారుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. దాంతో జాకీ ఒరుగుతుంది. హైడ్రాలిక్ జాకీలోనైతే సీలు ఏ క్షణాన పోతుందో చెప్పలేం. కాబట్టి లేపిన వెంటనే యాక్సిల్ కింద ఇనుప స్టాండు పెట్టి, బరువు దాని మీదకు దించాలి. ఇటుకలు పనికిరావు, చిట్లిపోతాయి. స్టాండు ఉన్నా సరే, బండి కిందకు తల పెట్టకండి.

స్టెప్నీ ఎక్కించాక నట్లను ఎదురెదురుగా బిగించండి. బండి దించాక మళ్లీ గట్టిగా బిగించి, కొన్ని కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి.

యాభై ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేయడానికి కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. బండికి ఆ గౌరవం దక్కడం సంతోషమే. దాన్ని నడిపే పిల్లలకు పానాతో పాటు స్టాండు కూడా కొనివ్వండి. డిక్కీలో ఆ రెండూ లేకుండా బండి బయటికి తీయనివ్వకండి.